పాట నేర్చే పిల్లల బాగోగులు

(ఫిబ్రవరి 11న ఘంటసాల వర్ధంతి సందర్భంగా ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఘంటసాల వేంకటేశ్వరరావు గారి వర్ధంతి అంటే మన ఊళ్లల్లో పాటల పండుగ. పద్యాలు వచ్చినవాళ్లు పద్యాలు అందుకుంటారు, యుగళగీతాల వాళ్లు జంట వెతుక్కుంటారు, చివరికి భగవద్గీత శ్లోకాలతో సభ ముగుస్తుంది. ఆ కార్యక్రమం నా తర్వాత ఎట్లాగూ ఉన్నది. నాకిచ్చిన సమయంలో ఆయన పాడిన పాటల గురించి మాట్లాడను. పాట నేర్చుకునే రోజుల్లో ఆయన తిన్న అన్నం గురించి, పడుకున్న చోటు గురించి మాట్లాడతాను. ఇన్నేళ్లుగా సంగీత కళాశాలల్లో గాత్రం చెబుతున్నవాణ్ని. పిల్లలు తరగతిలోకి ఏ ముఖంతో వస్తున్నారో చూడకుండా శ్రుతిపెట్టె మీద చెయ్యి వేయడం నా వల్ల కాదు.

1922 డిసెంబర్ 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టిన ఆ పిల్లవాడికి తండ్రి సూరయ్య గారే తొలి గురువు. తరంగాలు పాడుతూ, మృదంగం వాయిస్తూ, కొడుకును భుజం మీద కూర్చోబెట్టుకుని సభలకు తీసుకుపోయిన మనిషి. ఆ తండ్రి పిల్లవాడి చిన్నతనంలోనే పోయారు. కొడుకు సంగీతం నేర్చుకోవాలన్న తండ్రి కోరిక మాత్రం ఆ పిల్లవాణ్ని వదల్లేదు. వేలి ఉంగరం అమ్ముకుని, ఆ డబ్బుతో విజయనగరం చేరారు. తీరా వెళితే అక్కడి సంగీత కళాశాలకు వేసవి సెలవులు. ప్రిన్సిపాల్ ద్వారం వెంకటస్వామి నాయుడు గారు జాలిపడి అక్కడ ఉండనిచ్చారు. కొన్నాళ్లకు తోటి పిల్లలు చేసిన తప్పు ఈయన నెత్తిన పడింది. ఆ నీడ కూడా పోయింది. ఒక గుడిలో తలదాచుకున్నారు.

అప్పుడు చేరదీసినవారు పట్రాయని సీతారామశాస్త్రి గారు. ఆయనా అదే కళాశాలలో గాత్రం చెప్పే పంతులు. కలిగిన ఇల్లేమీ కాదు. పైసా పుచ్చుకోకుండా చదువు చెప్పారు, ఇంట్లో చోటిచ్చారు. తిండికి మాత్రం మధూకరమే. ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకు తెలియకపోవచ్చు గనుక చెబుతున్నాను. భుజాన జోలె కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, తల్లులు వేసిన అన్నం తెచ్చుకుని తినడమే మధూకరం. పొద్దున తెచ్చినదాంట్లోనే కొంత రాత్రికి గుడ్డలో మూటకట్టి దాచుకునేవారని, ఆ మూటకు చీమలు పడుతుంటే చూసినవాళ్లు ఒక డబ్బా కొనిచ్చారని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. మూతపెట్టుకునే ఒక చిన్న డబ్బా. తెలుగు సంగీత కళాశాల విద్యార్థికి అందిన ఆరోగ్య సాయంలో ఇంతకంటే విలువైనది నాకు తెలియదు.

ఈ కథను మనం ఎప్పుడూ పట్టుదలకు ఉదాహరణగా చెబుతాం. అంత కష్టపడ్డారు కాబట్టే అంత పెద్దవారయ్యారు అంటాం. నేను ఒప్పుకోను. ఆయనను పెద్దవారిని చేసింది ఆకలి కాదు. ఆకలికి అడ్డుపడిన నాలుగు చేతులు. ఉండనిచ్చిన ద్వారం వారు, చేరదీసిన శాస్త్రి గారు, జోలెలో కబళం వేసిన ఇల్లాళ్లు, డబ్బా కొనిచ్చిన మనిషి. వీళ్లలో ఏ ఒక్కరు ఆ రోజు తలుపు తీయకపోయినా ఇవాళ ఈ సభ లేదు. ఆయనతోపాటు ఆ ఊరికి ఎంతమంది పిల్లలు పాట కోసం వచ్చి, ఎవరి తలుపూ తెరుచుకోక తిరిగి పోయారో ఎవరూ రాయలేదు. అదృష్టం కొద్దీ దొరికిన ఆ సాయం ప్రతి పిల్లకూ దొరకాలి. అది కళాశాల పని. పాఠం ఎట్లా కళాశాల పనో ఇదీ అట్లాగే.

ఆ విజయనగరం కళాశాల పుట్టుకలోనే ఈ సంగతి ఉన్నది. 1919లో విజయరామ గజపతిరాజు గారు ఆ సంగీత పాఠశాల పెట్టడానికి మూలం సంస్థాన ఉద్యోగి ఒకరి చూపులేని కొడుకు అంటారు. ఆ అబ్బాయికి పాట నేర్పించాలని మొదలైన ఆలోచన కళాశాల అయింది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. ఆ తర్వాత వచ్చిన ద్వారం వారికీ చిన్నప్పటి నుంచి చూపు మందమే, బడి చదువు దాని వల్లే ఆగింది. శరీరంలో ఏదో లోటు ఉన్న పిల్లవాడికి తగ్గట్టు చోటు కల్పించడంతో మన తొలి సంగీత కళాశాల మొదలైంది. అంటే ఇది పరదేశం నుంచి మనం అరువు తెచ్చుకోవలసిన ఆలోచనేమీ కాదు.

ఇప్పటి సంగతి చెబుతాను. ఈ చుట్టుపక్కల గూడెం నుంచే వచ్చిన ఒక అమ్మాయి నా దగ్గర చదివింది. మంచి గాత్రం. ఐదున్నర శ్రుతిలో తారస్థాయి షడ్జం మీద నిలబడితే పక్క గదిలో వీణ వాయించేవాళ్లు చెయ్యి ఆపేవారు. రెండో ఏడు డిసెంబర్‌లో ఆ స్వరం కింద గాలి వినపడటం మొదలైంది. పై స్వరం పట్టుకునే ముందు చిన్నగా ఖాళీ వస్తున్నది. పెదవి కదిలాక క్షణం ఆలస్యంగా శబ్దం వస్తున్నది.

"ఏమైంది బిడ్డా?" అన్నాను.

"ఏం కాలే సార్. గొంతు కొంచెం పట్టుకున్నది. మిరియాల పాలు తాగుతున్న."

"ఎన్ని రోజుల సంది?"

తల వంచుకున్నది. దసరా నుంచి అట్లాగే ఉన్నదట. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉగాది కార్యక్రమంలో పాట పోతుందని భయం. పక్కనున్న పిల్లలకు తెలుసు, వాళ్లూ చెప్పలేదు.

చెవి ముక్కు గొంతు డాక్టరమ్మ దగ్గరికి వెంటబెట్టుకుని పోయాను. ముక్కులో నుంచి సన్నటి గొట్టం పోనిచ్చి తెర మీద చూపించారు. స్వరతంత్రులనే రెండు తెల్లటి మడతలు, దగ్గరకు వచ్చి విడిపోతున్నాయి. రెంటి అంచున, సరిగ్గా ఎదురెదురుగా, గసగసాలంత బొడిపెలు. అవి ఒకదానికొకటి తగిలి, మడతలు పూర్తిగా మూసుకోకుండా పైనా కిందా సందు ఉండిపోతున్నది. నేను వింటున్న గాలి ఆ సందులోదే. ఆ అమ్మాయి తెర వంక చూస్తూ, "సార్, నా గొంతు ఇదేనా?" అని అడిగింది. తాను పదేళ్లుగా పాడుతున్న దాన్ని మొదటిసారి చూస్తున్నది.

డాక్టరమ్మ సాధన ఎన్ని గంటలని అడగలేదు. రాత్రి భోజనం ఎన్నింటికని అడిగారు. తరగతి అయ్యి, బస్సు పట్టుకుని గదికి చేరి, వండుకుని తినేసరికి పదకొండు. తినగానే నిద్ర. కడుపులో పులుపు రాత్రంతా పైకి తన్ని గొంతును కాలుస్తున్నది. ఫోన్ ఎంతసేపు మాట్లాడతావని అడిగారు. రోజూ ఇంటికి. గూడెంలో సిగ్నల్ అందదు, అమ్మమ్మకు వినపడదు, అందుకని అరిచి మాట్లాడుతుంది. ఆదివారం ఏం చేస్తావని అడిగారు. ఫంక్షన్లలో పాడుతుంది, గది కిరాయికి. అక్కడ గాయని వైపు తిప్పిన స్పీకర్ ఉండదు. తన గొంతు తనకు వినపడక, డ్రమ్ముల మీదుగా గట్టిగా పాడాలి.

చూడండి, నా తరగతిలో ఆమె పాడేది రోజుకు గంట. ఆ గంటను నేను ఎంత జాగ్రత్తగా నడిపినా, మిగిలిన ఇరవై మూడు గంటలు గొంతును కోసేస్తున్నాయి. ఆమెకు కావలసిన మందు ఎనిమిదింటికి వేడి అన్నం, కిరాయి భయం లేని గది, పరీక్ష వాయిదా వేసుకునే వీలు. ఈ మూడింటిలో ఏదీ మందుల షాపులో దొరకదు. రెండు నెలలు పాట మానిపించి, స్పీచ్ థెరపీ చేయిస్తే ఆపరేషన్ లేకుండానే బొడిపెలు కరిగాయి. చాలామందికి అట్లాగే కరుగుతాయి, తొందరగా పట్టుకుంటే.

ఆ మడతలు చేసే పని ఎంతో ఒక్కసారి లెక్క వేద్దాం. ఐదున్నర శ్రుతిలో తారషడ్జం అంటే సెకనుకు దాదాపు 415 సార్లు ఆ రెండూ తగిలి విడిపోవాలి. ఒక్క నిమిషం నిలబెడితే సుమారు 25 వేల తాకిడులు. ఆడవాళ్లలో ఆ మడతల పొడవు సెంటీమీటరున్నర అటూ ఇటూ. అంత చిన్న కండకు నీళ్లు కావాలి, విరామం కావాలి. గొంతు బొంగురు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు. అది తప్పు. గుసగుసలోనూ గొంతు బిగుస్తుంది. మాట్లాడకుండా ఉండటమే విశ్రాంతి. జలుబు చేసి వాచిన గొంతుతో పోటీకి పోయి పైస్థాయి లాగితే రక్తనాళం చిట్లే ప్రమాదం ఉన్నది. మూడు వారాలు దాటి గొంతు బాగుపడకపోతే మిరియాల పాలు ఆపి డాక్టరు దగ్గరికి పోవాలి. ఈ మాటలు సర్టిఫికెట్ కోర్సు మొదటి ఏడాదిలో సరళీ స్వరాలతోపాటు చెప్పాలి. నాలుగేళ్ల సర్టిఫికెట్, రెండేళ్ల డిప్లొమా చదివి, మేళకర్తలు 72 అప్పజెప్పి, తన గొంతు ఎట్లా పని చేస్తుందో ఒక్క ముక్క తెలియకుండా బయటకు వచ్చే పిల్లలను చూస్తే నాకు బాధేస్తుంది.

ఆడపిల్లల విషయంలో ఇంకో సంగతి. నెలసరి ముందు రోజుల్లో స్వరతంత్రులు కొద్దిగా వాచి, పైస్థాయి బరువెక్కుతుంది. యూరప్‌లో పెద్ద ఒపేరా సంస్థలు ఒకప్పుడు గాయనులకు ఆ రోజుల్లో పాడకుండా ఉండే వెసులుబాటు ఒప్పందంలోనే ఇచ్చేవి. మన దగ్గర ఆ రోజు పరీక్ష పడితే పిల్ల నోరు విప్పి చెప్పుకోవడానికి మనిషి లేదు. మగ పంతులుకు చెప్పలేదు. హాజరు పుస్తకం దగ్గర కూర్చునేవాళ్లకు అసలే చెప్పలేదు.

తిండి మాట దగ్గరే ఇంకాసేపు ఉంటాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత. రక్తం తక్కువైన పిల్ల విలంబకాల కీర్తనలో అనుపల్లవి మధ్యలో శ్వాస తెంచుకుంటుంది. పంతులు దమ్ము లేదంటాడు, ఇంకో గంట అకార సాధన చెయ్యమంటాడు. ఆ పిల్లకు కావలసింది ఐరన్ మాత్ర, ఆకుకూర పప్పు, గుడ్డు. సాధన పెంచితే ఇంకా అలసిపోతుంది.

మన జిల్లా పిల్లల విషయంలో మరీ ముఖ్యమైనది సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు. గోండు, కొలాం గూడేల్లో పుట్టిన పిల్లల్లో ఈ జబ్బు ఎంత ఉన్నదో ఇక్కడి ఆశా కార్యకర్తలకు నేను చెప్పనవసరం లేదు. కేంద్రం 2023 జులైలో దాని నిర్మూలనకు ప్రత్యేకంగా మిషన్ మొదలుపెట్టి కార్డులు ఇస్తున్నది. ఆ జబ్బున్న పిల్లకు నీళ్లు తగ్గినా, చలిలో తిరిగినా, ఒళ్లు అతిగా అలిసినా కీళ్లు, ఎముకలు తట్టుకోలేనంత నొప్పి పెడతాయి. ఇప్పుడు సంగీత, నృత్య కళాశాలల్లో ఏం చేయిస్తామో చూడండి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, చలిలో సాధన. వార్షికోత్సవం ముందు రాత్రి రెండింటి దాకా రిహార్సల్. తరగతి మధ్యలో నీళ్లు తాగడం అమర్యాద అని ఇప్పటికీ అనుకునే గురువులు ఉన్నారు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ పోయిన పిల్ల మోకాళ్లు పట్టుకుని కూర్చుంటే అక్కడివాళ్లకు ఆ కార్డు ఏమిటో తెలియదు, బద్ధకం అనుకుంటారు. కళాశాలలో చేరేటప్పుడు కుల ధ్రువపత్రం అడిగినట్టు ఆరోగ్య కార్డు కూడా అడగాలి. అయితే అది పిల్లను వడకట్టడానికి వాడకూడదు. కాపాడటానికే వాడాలి, ఎవరి కంటా పడకుండా దాచాలి.

మగపిల్లల గొంతు మారే వయసు సంగతి కొద్దిగా చెబుతాను. ఆశ్రమ పాఠశాలల్లో పన్నెండేళ్ల పిల్లవాడు ప్రార్థన పాడితే సార్లందరూ మురిసిపోతారు. జిల్లా స్థాయి పోటీకి పంపుతారు. పద్నాలుగో ఏట గొంతు పగిలి, మెల్లగా దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. వాడికి తన గొంతు తనది కానట్టు ఉంటుంది. సభలో అపస్వరం పడుతుంది, తోటివాళ్లు నవ్వుతారు. ఇంతకాలం మెచ్చుకున్నవాళ్లే, "వీని గొంతు పోయింది" అని వేరే పిల్లవాణ్ని వెతుక్కుంటారు. పోలేదు. పెరుగుతున్నది. ఆ ఏడాదీ ఏడాదిన్నరా శ్రుతి దించి, అందే నాలుగు స్వరాల్లోనే పాడించాలి. తాళం చెప్పాలి, వయొలిన్‌కో మృదంగానికో కూర్చోబెట్టాలి. పాత శ్రుతిలో బలవంతం చేస్తే నిజంగానే చెడుతుంది. ఈ సభలో ఉన్న ప్రధానోపాధ్యాయులకు నా మనవి ఇదొక్కటే. ఆ వయసులో పిల్లవాణ్ని వేదిక మీద నుంచి దించండి, గానీ సంగీతం గదిలో నుంచి పంపించకండి.

వాద్యాల పిల్లల నొప్పులు చేతుల్లో, చెవుల్లో ఉంటాయి. 1980ల్లో అమెరికాలో రెండు వేలకు పైగా ఆర్కెస్ట్రా కళాకారులను అడిగితే, వాయించడానికి అడ్డం వచ్చే ఒక ఆరోగ్య సమస్య అయినా ఉన్నదని నూటికి 76 మంది చెప్పారు. ఆ కాలంలోనే, 1984లో, బ్రిటన్‌లో కళాకారుల వైద్యానికంటూ ఒక సంస్థ ఏర్పడింది. ఇప్పటికీ అక్కడ సంగీత విద్యార్థులు ఉచితంగా సలహా తీసుకుంటారు. మన మృదంగం పిల్లవాడికి మణికట్టు వాస్తే ఇంటి నూనె, పంతులు తిట్టు, ఈ రెండే వైద్యం. నొప్పిని సాధనతో చంపాలని చెబుతారు. అమెరికన్ పియానో కళాకారుడు లియోన్ ఫ్లైషర్ అదే చేశారు. 1960ల్లో కుడిచేతి రెండు వేళ్లు లోపలికి ముడుచుకుపోవడం మొదలైతే, ఇంకా ఎక్కువ సాధన చేసి నెగ్గుదామనుకున్నారు. చెయ్యి ఇంకా బిగిసింది. ముప్పై ఏళ్లకు పైగా ఎడమచేతి కోసం రాసిన సంగీతమే వాయించారు. అది డిస్టోనియా అనే నాడీ సమస్య అని ఎంతో ఆలస్యంగా తేలింది. నొప్పి, తిమ్మిరి, వేలు మాట వినకపోవడం అంటే ఆగమని శరీరం చెబుతున్న మాట. ఆ మాట విన్న పిల్లవాణ్ని సోమరి అనకూడదు.

చెవుల లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు ఎనిమిది గంటల దాకా ఉండవచ్చు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగానికి తగ్గుతుంది. 100 దగ్గర పావుగంటే. రేకుల కప్పు, సిమెంటు గోడలు ఉన్న గదిలో నాలుగు డోళ్లు, రెండు నాదస్వరాలు కలిసి గంటసేపు సాధన చేస్తే ఏమవుతుందో మీరే చెప్పండి. పెళ్లిళ్ల సీజన్‌లో బ్యాండుకు పోయే పిల్లలకు అది రెండింతలు. సాయంత్రం చెవుల్లో గుయ్యిమనే మోత వినిపిస్తే అది హెచ్చరిక. పోయిన వినికిడి తిరిగి రాదు. శ్రుతి తెలియాల్సిన చెవి అది. గోడలకు పాత దుప్పట్లు, గోనె పట్టాలు కట్టినా ప్రతిధ్వని కొంత తగ్గుతుంది. చెవి ప్లగ్గుల ఖర్చు ఎంతో కాదు.

మనసు దగ్గరికి వస్తాను. స్టేజీ భయం చిన్నదని చాలామంది అనుకుంటారు. సంగీతం నేర్చే పిల్లకు తప్పు పోవడమంటే జవాబు తప్పు రాయడం లాంటిది కాదు. నోటితో, ఒంటితో, అందరి ముందూ తప్పుతుంది. ఇంటి దగ్గర, "పాటతోని బువ్వ దొరుకుతదా?" అని అడిగే నాన్న ఉంటాడు. గదిలో తనకంటే బాగా పాడే పిల్ల ఉంటుంది. ఇవన్నీ కలిసి నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే గొంతు పోతుంది. గొంతు పోయిందంటే ఆ పిల్లకు తనే పోయినట్టు ఉంటుంది. ఆ చివరి మాట నేను చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ పాఠం ఆపి కూర్చున్నాను. కానీ నేను మానసిక వైద్యుణ్ని కాను. పంతులు ప్రేమగా వినగలడు, వైద్యం చేయలేడు.

అందుకే 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నాకు ఎంతో ముఖ్యం. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో వచ్చిన తీర్పు అది. వంద మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సిలర్ ఒక్కరైనా ఉండాలన్నది. చిన్న సంస్థలైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. టెలిమానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు తరగతి గదుల్లో, హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో కనపడాలి. టెలిమానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ ఆదేశాలు ఇంజనీరింగ్ కళాశాలలకే కాదు, సంగీత కళాశాలలకూ వర్తిస్తాయి. మన ప్రభుత్వ సంగీత కళాశాలల్లో చాలాచోట్ల తరగతులు సాయంత్రం పూట. కౌన్సిలర్ పగలు వచ్చి పోతే ఎవరికి ఉపయోగం? సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఉండే మనిషి కావాలి.

ఇంకొకటి, చెప్పడం ఇబ్బందిగా ఉన్నా చెప్పి తీరాల్సింది. మన విద్యలో గురువు మాటకు ఎదురు లేదు. ఆ గౌరవం గురించి నేను బతుకంతా గర్వపడ్డాను. కానీ ఆ గౌరవం చాటునే పిల్లలు నోరు నొక్కుకుంటారు. 2023లో చెన్నై కళాక్షేత్రలో విద్యార్థినులు లైంగిక వేధింపుల మీద బహిరంగంగా నిరసనకు దిగినప్పుడు దేశమంతా చూసింది. ఒంటరిగా గురువు ఇంటికి పోయి పాఠం నేర్చుకునే విద్యలో, ఫిర్యాదు ఎవరికి చెప్పాలో ఆడపిల్లకు మొదటి రోజే తెలియాలి. అంతర్గత కమిటీ ఉండాలని చట్టమే చెబుతున్నది. ఆ కమిటీలో ఉన్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు గోడ మీద ఉండాలి. మంచి గురువుకు దీనితో ఏ నష్టమూ లేదు.

ఈ నేల మీద నిలబడి ఈ మాటలు చెప్పడానికి ఇంకో కారణం ఉన్నది. మొన్న పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయినవాళ్లు చాలామంది ఇక్కడ ఉన్నారు. నాగోబా ముందు పర్ధాన్‌లు వాయించకపోతే మెస్రం వంశపు గోండుల పూజ నడవదు. కిక్రీ, పెప్రె, డోలు పట్టుకుని తరతరాలుగా గోండుల వంశకథలు పాడుతున్నవాళ్లు వాళ్లు. 1940ల్లో మర్లవాయిలో కాపురం ఉండి ఈ జీవితాన్ని రాసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ పుస్తకాల్లో ఒక సంగతి స్పష్టంగా ఉంటుంది. ప్రతి పర్ధాన్ కుటుంబానికీ ఫలానా గోండు ఇళ్లు అని పోషకులు ఉండేవారు. కులదైవం పెర్సాపెన్ కొలుపుకు, చావుకు, పెళ్లికి వాయించినందుకు ధాన్యం, బట్టలు, పశువులు ఇవ్వడం ఆ ఇళ్ల విధి. వాద్యం వాయించేవాని కడుపు ఎవరి బాధ్యతో పేరు పెట్టి చెప్పగలిగే ఏర్పాటు అది. మన అడవిలో అది ఉండేది. పర్ధాన్‌ల లాగే గోండులకు పాడే తోటీల ఇళ్లల్లో కిక్రీ పట్టేవాళ్లు ఇప్పుడు తగ్గిపోవడానికి పాట మీద మోజు తగ్గడం ఒక్కటే కారణం కాదు, ఆ పోషక ఇళ్లు కూడా కూలికి పోయేంత బీదవయ్యాయి. పాత ఏర్పాటు కూలిపోయిన చోట కొత్తది లేచి నిలబడలేదు. మర్లవాయి గుస్సాడీ నృత్య కళాకారుడు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబర్‌లో ఆయన పోయారు. బిరుదులు ఒకరిద్దరికి వస్తాయి. అన్నం అందరికీ కావాలి.

ఘంటసాల గారు 51 ఏళ్లకే వెళ్లిపోయారు. మధుమేహం పీడిస్తున్నా పాడటం ఆపలేదు. చివరి రోజుల్లో పాడిన గీత ఆయన పోయాక ఇంటింటికీ చేరింది. మనం ఆ గీతను వింటాం గానీ, ఆ గొంతు వెనుక ఉన్న ఒంటిని ఎవరు చూసుకున్నారని అడగం. పేరొచ్చిన గాయకుడి సంగతే అట్లా ఉంటే, కళాశాల మెట్ల మీద సంచి పెట్టుకుని కూర్చున్న మొదటి ఏడాది పిల్ల సంగతి ఆలోచించండి.

ప్రభుత్వం చేయాల్సినవి ప్రభుత్వం చేయాలి. సాయంత్రం తరగతి ముందు భోజనం, ఆడపిల్లలకు హాస్టల్, ఏడాదికోసారి గొంతు, చెవి పరీక్ష, వైద్యం కోసం పరీక్ష వాయిదా వేసుకుంటే ఏడాది పోకుండా నిబంధన. వీటి కోసం రాస్తూనే ఉంటాం. అంతదాకా ఆగకుండా ఇచ్చోడ చేయగలిగినది ఒకటి ఉన్నది. ఈ ఊరి నుంచి, చుట్టుపక్కల గూడేల నుంచి నిజామాబాద్, వరంగల్, హైదరాబాద్ సంగీత కళాశాలలకు పిల్లలు పోతూనే ఉన్నారు. ఆ ఊళ్లల్లో మనవాళ్లు ఉద్యోగాలు చేస్తున్నారు, ఇళ్లు కట్టుకున్నారు. ఒక్కో పిల్లకు ఒక్కో ఇల్లు చూపిద్దాం. ఆదివారం ఒక పూట అన్నం, జ్వరం వస్తే వచ్చి చూసే మనిషి, భయమేస్తే ఏ వేళకైనా చేసుకునే ఫోన్ నంబరు. అంతకంటే ఎక్కువ అడగను.

ఆదిలాబాద్ రిమ్స్‌లో చెవి ముక్కు గొంతు విభాగం ఉన్నది, మన రోడ్డు మీదే ఉన్నది. ఈ ఏడు కళాశాలల్లో చేరబోయే పిల్లల పేర్లు, ఊళ్లు, వాళ్ల ఇంటివాళ్ల ఫోన్ నంబర్లు ఇవాళ పాటల కార్యక్రమం అయ్యేలోపు బల్ల దగ్గర రాయించండి. సికిల్ సెల్ కార్డు ఉన్నవాళ్లు ఆ సంగతి పుస్తకంలో రాయొద్దు, నాకు విడిగా చెప్పండి. ఏప్రిల్‌లో బడి పరీక్షలు అయ్యాక అందరినీ ఒకే రోజు నేనే అక్కడికి పరీక్షకు తీసుకుపోతాను. బస్సు ఖర్చు సంగతి మేం చూసుకుంటాం. ముందు రోజు రాత్రి ఎవరూ ఫంక్షన్‌లో పాడకండి, అలిసిన గొంతుతో పోతే డాక్టరుకు అసలు సంగతి తేలదు. పొద్దున తిని రండి, నీళ్ల సీసా మరిచిపోకండి.